మన పాఠ్యపుస్తకం సగమే చెప్పిన బోస్

జగదీశ్ చంద్ర బోస్ ఎవరని మన బడిలో చదివిన ఎవరిని అడిగినా ఒకే జవాబు వస్తుంది. మొక్కలకు ప్రాణముందని కనిపెట్టిన శాస్త్రవేత్త. ఖాళీలు పూరించడానికి ఆ జవాబు సరిపోయింది, మార్కులూ పడ్డాయి. కానీ మొక్కకు ప్రాణముందని చెప్పడానికి రైతుకు శాస్త్రవేత్త ఎందుకు? వాన మొహం చాటేసిన ఏడు చెలకలో ఆముదం చెట్టు ఎట్లా తల వాలుస్తుందో దేవరకొండ వైపు వాళ్లకూ కల్వకుర్తి వైపు వాళ్లకూ ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. బోస్ చేసింది మొక్క స్పందనను కొలవడం. అది కూడా ఆయన జీవితంలో రెండో అంకమే. మొదటి అంకం విద్యుదయస్కాంత తరంగాలది. దాని గురించి మన పుస్తకంలో ఒక్క వాక్యం లేదు.

నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు తరంగాల ప్రసారం, యాంటెన్నాలు అని ఒక పేపరు ఉండేది. మాక్స్‌వెల్ సమీకరణాలు, స్మిత్ చార్టు, ఆ వలయాల మీద వలయాలు. హాస్టల్లో సగం మంది ఆ పేపరుకు మొక్కుకుని పరీక్షకు పోయేవాళ్లు. అందులో హార్న్ యాంటెన్నా మీద ఒక అధ్యాయం మొత్తం చదివాం, గెయిన్ లెక్కలు వేశాం. ఆ కొమ్ముబూరను తొలిసారి ఇటువంటి తరంగాలకు వాడినవాళ్లలో బోస్ ముఖ్యుడని ఏ పేజీలోనూ చూడలేదు. ఉద్యోగంలో చేరి, టవర్ల మీద డిష్‌లు బిగించే పని మొదలయ్యాక, ఎప్పుడో పాత పత్రాలు తిరగేస్తుంటే తెలిసింది. మా పిల్లలకైతే బోస్ అంటే స్పీకర్ల కంపెనీ. ఆ బోస్ వేరు, హిగ్స్ బోసాన్ బోస్ వేరు, నేతాజీ వేరు.

సంచికకు రాయమన్నప్పుడు ఈయన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మన సంఘం సమావేశాల్లో ఈ మధ్య తరచూ వచ్చే మాట ఒకటుంది: తెలుగు మీడియంలో చదివి మనం నష్టపోయామా, బాగుపడ్డామా అని. ఇప్పుడు సర్కారు బళ్లలోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది కాబట్టి ఈ చర్చ ఇంకా ముదిరింది. బోస్ బాల్యం ఈ చర్చకు సూటిగా తగులుతుంది.

ఆయన 1858 నవంబరు 30న పుట్టారు. పూర్వీకులది నేటి బంగ్లాదేశ్‌లోని బిక్రంపూర్ ప్రాంతం, రారిఖాల్ గ్రామం. తండ్రి భగవాన్ చంద్ర ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదాలో ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపడం అప్పటికే రివాజు. భగవాన్ చంద్ర మాత్రం కొడుకును బెంగాలీలో చదువు చెప్పే బడిలో వేశారు. కుర్రవాడికి ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, ఇంకో పక్క చేపలు పట్టేవాళ్ల అబ్బాయి కూర్చునేవారు. పక్షుల గురించి, నీళ్లలో బతికే జీవుల గురించి వాళ్లు చెప్పిన కథలే తనలో ప్రకృతి మీద ఆసక్తి పుట్టించాయని బోస్ పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ కుర్రవాణ్ని భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయినవాడు ఒకప్పటి బందిపోటు. భగవాన్ చంద్రే అతనికి శిక్ష వేసి, జైలు నుంచి బయటికొచ్చాక బతుకుతెరువు లేదని ఇంట్లో పని ఇచ్చారు. అతను దారి పొడుగునా తన పాత దోపిడీల కథలు చెప్పేవాడట. అంత మంచి బడిదారి మనకెవరికీ దొరకలేదు.

తొమ్మిదేళ్లు దాటాక కలకత్తాకు మారారు. హేర్ స్కూల్, తర్వాత సెయింట్ జేవియర్స్. అక్కడికి వచ్చేసరికి చుట్టూ ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు, తనకేమో సరిగా రాదు. హైదరాబాదులో ఇంటర్‌లో చేరినప్పుడు మనలో చాలామందికి ఎదురైన సంగతే. జేవియర్స్ కాలేజీలో ఫాదర్ లాఫోం అనే గురువు భౌతికశాస్త్రాన్ని ప్రయోగాలు చేసి చూపిస్తూ చెప్పేవారు. బోస్ చేతికి పనితనం అబ్బింది అక్కడే.

తండ్రి పెట్టిన వ్యాపారాలు దెబ్బతిని ఇంటిమీద అప్పులు పడ్డాయి. 1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లారు గానీ, అప్పటికే పట్టుకున్న జ్వరం వదల్లేదు, శవాలు కోసే గది వాసన దాన్ని ఇంకా ఎక్కువ చేసింది. వైద్యం వదిలి కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాలకు మారారు. అక్కడ ఆయనకు పాఠం చెప్పినవారిలో లార్డ్ రేలీ ఒకరు. వేవ్‌గైడ్ గొట్టాల్లో తరంగాలు ఎట్లా పోతాయో 1897లో గణితంతో తేల్చినది ఈ రేలీనే. మా పేపరులో ఆయన పేరు ఉంది.

1885లో తిరిగొచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్ర ప్రొఫెసరుగా చేరారు. అప్పటి పద్ధతి ప్రకారం యూరోపియన్ ప్రొఫెసరుకు ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయుడికి. బోస్‌ది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగం. అంటే అదే పనికి మూడో వంతు. ఆయన గొడవ పెట్టుకోలేదు, రాజీనామా చేయలేదు. పాఠాలు చెబుతూనే మూడేళ్లపాటు జీతం ముట్టుకోలేదు. ఇంటిమీద అప్పులున్న మనిషి చేసిన పని ఇది. ఆ మూడేళ్ల మధ్యలోనే, 1887లో పెళ్లి అయింది. భార్య అబల మద్రాసులో వైద్యం చదివి, ఆరోగ్యం బాగాలేక మధ్యలో వచ్చేసిన అమ్మాయి. అద్దె కలిసొస్తుందని కొన్నాళ్లు హుగ్లీ నది ఒడ్డున చందన్‌నగర్‌లో కాపురముండి, ఆయన పడవలో నది దాటి ఉద్యోగానికి వచ్చేవారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి పూర్తి జీతాన్ని పాత తేదీ నుంచి లెక్కగట్టి ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పులకు పోయింది.

1894 నవంబరు 30న, ముప్పై ఆరేళ్లు నిండిన రోజున, ఇక పరిశోధనకే అంకితం కావాలని నిర్ణయించుకున్నారు. ప్రయోగశాల లేదు. కాలేజీలో ఇరవై నాలుగు చదరపు అడుగుల చిన్న గది దొరికింది. మన బడిలో పటాలూ గ్లోబులూ పెట్టిన గదికంటే చిన్నదన్నమాట. సహాయకుడు చదువురాని ఒక రేకుల పనివాడు. వారమంతా పాఠాలు చెప్పగా మిగిలిన వేళల్లో పని.

ఏం పని? విద్యుత్తు, అయస్కాంతత్వం కలిసి కాంతి వేగంతో అలలుగా ప్రయాణిస్తాయని 1865లో మాక్స్‌వెల్ కాగితం మీద చెప్పాడు. 1887-88లో హెర్ట్జ్ జర్మనీలో ఆ అలలను నిజంగా పుట్టించి చూపాడు. కాంతి లాగే అవీ అద్దం మీద పడి తిరిగొస్తాయని, ప్రిజంలో వంగుతాయని నిరూపించాడు. 1894 మొదటి రోజున, ముప్పై ఆరేళ్లకే చనిపోయాడు. ఇదంతా చదివిన బోస్ ఒక చిక్కును గమనించారు. హెర్ట్జ్ ఆ ప్రయోగాలకు వాడిన అల పొడవు 66 సెంటీమీటర్లు. అలలను వంచే పరికరం అలకంటే చాలా పెద్దదిగా ఉండాలి. అందుకే హెర్ట్జ్ అద్దం రెండు మీటర్ల ఎత్తు, తారుముద్దతో పోసిన ప్రిజం అర టన్నుకు పైన. గది నిండా పరికరాలే.

ఇక్కడ యాంటెన్నాల వాళ్ల మొదటి పాఠం కొంచెం చెప్పాలి. హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. ఆ అల పొడవు 406 మీటర్లు. దాన్ని బాగా వెదజల్లాలంటే అందులో నాలుగో వంతు, సుమారు వంద మీటర్ల స్తంభం కావాలి. అల చిన్నదయ్యే కొద్దీ యాంటెన్నా చిన్నదవుతుంది, కిరణాన్ని టార్చిలైటులా ఒక వైపుకు మళ్లించడం తేలికవుతుంది. బోస్ అలను కుదిస్తూ కుదిస్తూ 5 మిల్లీమీటర్లకు తెచ్చారు. నేటి లెక్కలో 60 గిగాహెర్ట్జ్. దాంతో అర టన్ను ప్రిజం అవసరం పోయింది. పరికరాలన్నీ బల్ల మీదికి వచ్చాయి, పెట్టెలో సర్దుకుని ఓడెక్కించే సైజుకు వచ్చాయి.

ఆ బల్ల మీద ఏమున్నాయో చూస్తే మా డిపార్టుమెంటు ల్యాబు గుర్తొస్తుంది. నిప్పురవ్వతో అలలు పుట్టించే చిన్న డబ్బా. వాటిని బయటికి నడిపే లోహపు గొట్టం, మేం ఇప్పుడు వేవ్‌గైడ్ అంటాం. అలలను పోగుచేసుకోవడానికి మూతి వెడల్పైన గరాటు, అదే హార్న్. గంధకంతో పోసిన కటకం. రెండు ప్రిజాల మధ్య సందును పెంచుతూ తగ్గిస్తూ అల బలాన్ని మార్చే ఏర్పాటు. అవతలి వైపు అలను పసిగట్టే చిన్న స్ప్రింగుల వరుస. తర్వాత దాని స్థానంలో గాలెనా స్ఫటికం. గాలెనా అంటే సీసపు ఖనిజం, నాటి గుంటూరు జిల్లా అగ్నిగుండాల దగ్గర ఒకప్పుడు తవ్వినదే. అలను పసిగట్టడానికి అర్ధవాహక స్ఫటికాన్ని తొలిగా వాడిన ఘనత బోస్‌దేనని, ట్రాన్సిస్టర్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన వాల్టర్ బ్రాటెన్ 1955లో తమ రంగం చరిత్ర రాస్తూ ఒప్పుకున్నాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక పుస్తకం. విద్యుదయస్కాంత తరంగానికి ఊగే దిశ ఒకటి ఉంటుంది, ధ్రువణం అంటాం. దూరదర్శన్ రోజుల్లో డాబాల మీద కట్టిన యాంటెన్నా కడ్డీలు అడ్డంగా ఉంటేనే బొమ్మ వచ్చేది, ఎవరైనా నిలువుగా తిప్పితే చుక్కలే. ఈ దిశను వడగట్టే జల్లెడ బోస్‌కు కావలసివచ్చింది. మూసిన పుస్తకం పేజీలే అందుకు పనికొస్తాయని ఆయన చూశారు. పేజీల వెంట ఊగే అల ఆగుతుంది, పేజీలకు అడ్డంగా ఊగేది దాటిపోతుంది. ఇంకా బాగా పనిచేయాలని బ్రాడ్‌షా అనే రైళ్ల వేళల పుస్తకం తీసుకుని పేజీల మధ్య తగరపు రేకులు పెట్టారు. అలాగే జనపనారను పురివేసి కట్టలుగా చేసి, వాటిగుండా పోయిన అల ఊగే దిశ తిరిగిపోతుందని 1898లో చూపించారు. చక్కెర నీళ్లు కాంతిని తిప్పినట్టే. కుడికి పురివేస్తే ఒకవైపు, ఎడమకు పురివేస్తే ఇంకోవైపు. ఇటువంటి మెలిక నిర్మాణాల మీద నేడు పెద్ద పెద్ద ల్యాబుల్లో పని జరుగుతోంది. బెంగాల్‌లో ఆ రోజుల్లో ఎక్కడ చూసినా దొరికేది జనపనార, ఆయన చేతికందింది కూడా అదే.

1895లో కలకత్తా టౌన్ హాల్లో జనం ముందు ప్రదర్శన పెట్టారు. అలలు గోడలు దాటిపోయి అవతల గంట మోగించాయి, మందుగుండు పేల్చాయి. అదే ఏడాది మే నెలలో ఏషియాటిక్ సొసైటీలో తొలి పత్రం. 1896లో లండన్ విశ్వవిద్యాలయం డీఎస్సీ ఇచ్చింది. ఆ సెప్టెంబరులో లివర్‌పూల్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో లార్డ్ కెల్విన్ లాంటివాళ్ల ఎదుట, 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, తన పెట్టెలోని పరికరాలతోనే ఉపన్యసించారు. సూర్యుడి నుంచి కూడా ఇటువంటి అలలు వస్తుండాలని, దారిలో ఏదో వాతావరణం వాటిని మింగేస్తుండవచ్చని ఆ ఉపన్యాసంలో ఒక ఊహ చేశారు. సూర్యుడి రేడియో తరంగాలను మనుషులు పట్టుకున్నది 1942లో. మన బ్యాచీల వాళ్లకు 1980 ఫిబ్రవరి 16 గుర్తుండే ఉంటుంది. సంపూర్ణ సూర్యగ్రహణం మన రెండు జిల్లాల మీదుగా పోయింది, పట్టపగలు ఊళ్లకు ఊళ్లే తలుపులు వేసుకున్నాయి. ఆ రోజున మనకు దగ్గర్లోని జాపాల్-రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు సూర్యుడి రేడియో తరంగాలను కూడా కొలిచారు. అల పొడవు 3 సెంటీమీటర్లు. బోస్ వాడిన వాటికి పక్కింటిదే.

ఇక అందరూ అడిగే ప్రశ్న. రేడియో కనిపెట్టింది బోసా, మార్కోనీయా? మార్కోనీ మన బోస్‌ను దోచుకున్నాడని ఫోన్లలో ప్రతి నవంబరులోనూ తిరుగుతుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ దాటి వచ్చిన సంకేతం విన్నది పాదరసపు చుక్క ఉన్న ఒక పరికరంతో. ఇటలీ నౌకాదళం మిత్రుడొకరు ఇచ్చారన్నాడు. అటువంటి పాదరసపు పరికరాన్ని బోస్ 1899లోనే రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వివరించారు. దాని మూలం ఇదేనని ప్రబీర్ బంద్యోపాధ్యాయ అనే పరిశోధకుడు 1998లో గట్టిగా వాదించారు. నాకు ఆ వాదన బలంగానే కనిపిస్తుంది. కానీ రేడియో అంతా బోస్‌దే అనడం మాత్రం ఆయనకు గౌరవం కాదు. దూరానికి సందేశం పంపడం ఆయన ఎంచుకున్న పని కాదు. కాంతికి ఉన్న ప్రతి గుణమూ ఈ అలలకు ఉందని బల్ల మీద నిరూపించడం ఆయన పని. దూరం కావాలంటే మార్కోనీ పోయిన దారే సరైనది, పొడవాటి అలల దారి. 60 గిగాహెర్ట్జ్ అలను గాలిలోని ఆక్సిజనే తాగేస్తుంది. ఒక్క కిలోమీటరు పోయేసరికి ఆ కారణం ఒక్కదానితోనే బలం ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. ఇక గుట్టలు, వానలు సరేసరి. శ్రావణంలో గట్టి వాన కొడితే మా లింకుల సిగ్నలు ఎట్లా కుంగిపోతుందో నేను చాలా ఏళ్లు రాత్రుళ్లు మేలుకుని చూసినవాణ్ని.

పేటెంటు సంగతి కూడా ఇటువంటిదే. 1901లో ఒక టెలిగ్రాఫు కంపెనీ యజమాని లండన్‌లో బోస్ వెంటపడి, పేటెంటు తీసుకుందాం, లాభంలో వాటా ఇస్తానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. ఆ డబ్బు యావను చూసి కలిగిన రోతను మిత్రుడు రవీంద్రనాథ్ టాగోర్‌కు ఉత్తరంలో రాసుకున్నారు. చివరికి సారా బుల్ అనే అమెరికన్ శ్రేయోభిలాషి పట్టుబట్టగా అమెరికాలో దరఖాస్తు పడింది. 1904 మార్చి 29న 755840 నంబరుతో పేటెంటు వచ్చింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు, గడువు తీరిపోయింది. మన సభల్లో దీన్ని త్యాగమని పొగుడుతారు. ఇంజనీరుగా నాకు ఇక్కడ కొంచెం అసంతృప్తి ఉంది. ఆ రేకుల పనివాడి చేతిలోని విద్య కలకత్తాలో ఒక కార్ఖానాగా మారి ఉంటే, వందేళ్ల తర్వాత మేం ఒక్కో మైక్రోవేవ్ డిష్‌కు విదేశీ కంపెనీల దిక్కు చూడవలసి వచ్చేది కాదేమో. అయితే మూడేళ్లు జీతం ముట్టని మనిషిని డబ్బు లెక్కలతో తూచడానికి నా తరాజు చాలదు.

ఆయన మొక్కల వైపు మళ్లడం కూడా ఈ పని నుంచే జరిగింది. అలలను పసిగట్టే పరికరం ఎడతెగకుండా వాడితే అలిసిపోయేది, కాసేపు వదిలేస్తే కోలుకునేది. లోహానికి అలసట ఏమిటని ఆశ్చర్యపోయి, కండరం, లోహం, మొక్క మూడింటినీ ఒకే కొలతతో పోల్చడం మొదలుపెట్టారు. 1901లో లండన్ జీవశాస్త్రజ్ఞులు గట్టిగా ఎదురుతిరిగారు. తర్వాత క్రెస్కోగ్రాఫ్, పుస్తకాలు, దేశదేశాల ఉపన్యాసాలు, ఇవన్నీ మనం చదువుకున్నవే. మొక్కలో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయన్న మాట నిలిచింది. నీరు కొమ్మలకు ఎక్కడానికి ఆయన చెప్పిన కారణాన్ని మాత్రం తర్వాతి శాస్త్రం ఒప్పుకోలేదు.

తరగతి గదిని ఆయన వదల్లేదు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఆయన పాఠాలు విన్నవాళ్లే. మాతృభాషనూ వదల్లేదు. 1896లోనే బెంగాలీలో ఒక సైన్సు కథ రాశారు. అందులో తుపానును ఆపేది ఒక సీసా తలనూనె! తలనూనె కంపెనీ పెట్టిన పోటీలో దానికి బహుమతి కూడా వచ్చింది. గొప్పవాళ్లు సరదాగా ఉండరని మనం ఎందుకో అనుకుంటాం. అప్పుడు మళ్లీ మన మీడియం చర్చకు వద్దాం. ఇంగ్లీషు రాక జేవియర్స్‌లో ఇబ్బందిపడ్డవాడు పెద్దయ్యాక రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇంగ్లీషులో ఉపన్యసించే స్థాయికి పోయాడు. చేపలవాళ్ల అబ్బాయి పక్కన కూర్చుని నేర్చుకున్న ఆసక్తి మాత్రం ఆ తర్వాత ఎక్కడా నేర్పరు. ఇంగ్లీషు కావాలి, అందులో రెండో మాట లేదు. మన సంఘం నిధితో కొత్తగా ఏం చేద్దామని ఓటు పెడితే మాత్రం నా ఓటు సౌండ్ సిస్టంకు కాదు, రేకు కత్తెర, సోల్డరింగ్ ఐరన్, పాత రేడియోలు ఉన్న ఒక గదికే. ఇరవై నాలుగు చదరపు అడుగులైనా చాలు.

1915లో ప్రెసిడెన్సీ నుంచి విశ్రాంతి తీసుకున్నారు. 1917లో సర్ బిరుదు వచ్చింది. ఆ నవంబరు 30న, అదే పుట్టినరోజున, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. ఇంకో వారం ఉంటే డెబ్బై తొమ్మిది నిండేవి.

ఆయన వదిలేసిన చిన్న అలలు దాదాపు వందేళ్ల తర్వాత వెనక్కి వచ్చాయి. ఖగోళ దుర్భిణులు వాటిని వాడుతున్నాయి. పట్నంలో టవరుకూ టవరుకూ మధ్య ఫైబరు వేయలేని చోట 70, 80 గిగాహెర్ట్జ్ లింకులు నడుస్తున్నాయి. 2022లో మన దేశం 5జీ కోసం 26 గిగాహెర్ట్జ్ వేలం వేసింది, ఆ అల పదకొండున్నర మిల్లీమీటర్లు. అదే ఆక్సిజను, అదే వాన, అదే గోడ ఇప్పటికీ అడ్డు. అయితే అంతదూరం పోకపోవడమే నేడు ఒక సౌకర్యం అయింది. ఒక వీధిలో వాడిన అలను పక్క వీధిలో మళ్లీ వాడుకోవచ్చు. 2012లో ప్రపంచ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ, ప్రెసిడెన్సీలో ఆయన పని గుర్తుగా ఒక ఫలకం పెట్టింది. పరికరాలు బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. కోల్‌కతా పోయేవాళ్లు ఒక పూట అక్కడికి కేటాయించండి, మొక్కల యంత్రాల దగ్గరే ఆగిపోకుండా ఆ గరాటు దాకా పోయి చూడండి.